కారుకు ఒక గది

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. ఆ పెద్దలకు కార్లు లేవు గనుక అంతటితో ఊరుకున్నారు గాని, ఉండి ఉంటే “కారు నిలిపి చూడు” అని మూడోది కూడా చేర్చి ఉండేవారు.

సాయంకాలం ఏ కాలనీలో నడిచి వెళ్ళినా ఒక వింత కనబడుతుంది. గేటు లోపల చక్కని కారు షెడ్డు ఉంటుంది. దాని ముందు వీధిలో, ఎండకు ఎండి వానకు తడుస్తూ కారు ఉంటుంది. లక్షలు పోసి కొన్న కారు బయట ఉండగా షెడ్డులో ఏమున్నది? తొంగి చూడండి. కాలు విరిగిన కుర్చీలు రెండు, మోటారు కాలిన ఎయిర్‌కూలరు ఒకటి, పెద్దబ్బాయి చిన్నప్పటి మూడు చక్రాల సైకిలు, ఇల్లు కట్టిన నాటి రంగు డబ్బాలు, గట్టిపడి రాయిలా మారిన సిమెంటు బస్తా, కట్టలు కట్టిన పాత పత్రికలు, పెళ్ళిళ్ళకు తప్ప దిగని గంగాళాలు. ఆ సరుకంతా కలిపి పాత సామానువాడికి వేస్తే వచ్చే డబ్బు కారుకు ఒక టైరును కూడా కొనిపెట్టదు!

కారు షెడ్డు అంటే మనకు ఇంటిలో లెక్కకు రాని చోటు. వంటింటికి యజమానురాలున్నది, పూజగదికి నియమాలున్నాయి, హాలుకు అతిథుల భయమున్నది. షెడ్డుకు ఎవరూ లేరు. అందుకే ఇంటిలో ఏమి చెయ్యాలో తెలియని ప్రతి వస్తువూ అక్కడికే నడిచిపోతుంది. కాని పెట్రోలు, కరెంటు, విషపు మందులు, ఆడుకొనే పిల్లలు, ఇవన్నీ ఒకచోట చేరేది ఇంటి మొత్తంమీద ఈ షెడ్డులోనే. కనుక దీనిని చక్కబెట్టుకోవడం అందం కోసమే కాదు, క్షేమం కోసం కూడా.

పొడవు తగ్గింది, వెడల్పు పెరిగింది

గ్యారేజీ అన్నది ఫ్రెంచి మాట. భద్రంగా ఒకచోట నిలపడం అని దాని మూలార్థం. మనవాళ్ళు ఆ మాటను మెకానిక్కు దుకాణానికి అంటగట్టి, ఇంటిలోనిదాన్ని మాత్రం కారు షెడ్డు అనే అంటున్నారు. 

పాత ఇళ్ళలోని షెడ్లు చాలావరకు అంబాసిడరు కారును దృష్టిలో పెట్టుకొని కట్టినవి. ఆ కారు పొడవు దాదాపు 4.3 మీటర్లు, వెడల్పు 1.66 మీటర్లు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు అది దాదాపు 1.4 మీటర్ల వెడల్పే గనుక ఆ షెడ్లలో హాయిగా ఇమిడింది. పక్కన స్కూటరుకు కూడా చోటు మిగిలింది. ఆ మిగిలిన చోటులోనే మన సామాను పెరిగింది.

2006లో కేంద్ర ప్రభుత్వం నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు ఎక్సయిజు సుంకం తగ్గించింది. దానితో కంపెనీలన్నీ కారును నాలుగు మీటర్లలో కుదించడం మొదలుపెట్టాయి. పొడవుకు హద్దు వచ్చింది గాని వెడల్పుకు రాలేదు. ఇప్పుడు నాలుగు మీటర్ల లోపు కార్లలోనే 1.8 మీటర్ల వెడల్పున్నవి ఉన్నాయి. పక్క అద్దాలు దీనికి అదనం. ఫలితమేమిటంటే, తాతగారు కట్టించిన షెడ్డులోకి మనుమడి కారు దూరుతుంది గాని, దూరిన తరువాత మనుమడు దిగలేడు!

కనుక మొట్టమొదట చేతిలోకి తీసికోవలసినది చీపురు కాదు, టేపు. షెడ్డు పొడవు, వెడల్పు, ఎత్తు, గేటు వెడల్పు కొలవండి. కారు కొలతలు దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటాయి. అద్దాలు తెరిచి ఉండగా ఎంత వెడల్పో మీరే కొలుచుకోండి.

అపార్టుమెంటులో కారుకు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు చోటు ఇచ్చారనుకోండి. అందులో 1.8 మీటర్ల కారు నిలిపితే వెడల్పులో మిగిలేది 70 సెంటీమీటర్లు. కారును సరిగ్గా మధ్యలో నిలిపితే అటు 35, ఇటు 35. ఏ తలుపూ తెరుచుకోదు. అదే కారును ముందుకు పోనిచ్చి, అద్దం మడిచి, ఎడమవైపు గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో నిలిపితే కుడివైపు, అనగా నడిపేవారి వైపు, 60 సెంటీమీటర్లు దొరుకుతుంది. నడిపేవారు దిగవచ్చు. తక్కినవారు ముందే బయట దిగిపోవాలి. పొడవులో మిగిలిన మీటరులో ముందు 30 సెంటీమీటర్లు వదిలితే వెనుక డిక్కీ దగ్గర నిలబడటానికి 70 సెంటీమీటర్లుంటుంది.

సొంత ఇల్లు కడుతున్నవారికి మాత్రం ఒకే సలహా. 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవుకు తగ్గవద్దు. సామాను కూడా అక్కడే పెట్టదలిస్తే వెడల్పు 12 అడుగులు చేసికోండి. ఈనాటి కారుకు కాదు, పదేళ్ళ తరువాత కొనబోయే కారుకు కొలత తీయాలి.

ఒక ఆదివారం, నాలుగు కుప్పలు

ఇక సర్దుడు సంగతి. సామాను షెడ్డులో ఉండగానే ఆ మూలది ఈ మూలకు మార్చడాన్ని సర్దడం అనరు. ఒక ఆదివారం పొద్దున్నే మొత్తం బయటపెట్టి, షెడ్డును ఖాళీ చేయాలి. సంక్రాంతికి ముందు ఆదివారమైతే మరీ మంచిది. వానలుండవు, ఎండ ముదరదు, పాతవాటిని వదిలించుకొనే ఆచారం ఎలాగూ ఉన్నది.

బయటపెట్టినవాటిని నాలుగు కుప్పలు చేయండి. ఉంచుకొనేవి, ఇచ్చివేసేవి, అమ్మివేసేవి, పారవేసేవి. ఏడాదిగా ఎవరూ ముట్టుకోనిది మొదటి కుప్పలోకి రాకూడదన్నది సామాన్య సూత్రం. కాని మన ఇళ్ళలో ఏడాదికొకసారి తీసే వస్తువులు బోలెడు. బొమ్మల కొలువు బొమ్మలు, దీపావళి ప్రమిదలు, ఆవకాయ రోజుల్లో దిగే పెద్ద జాడీలు, పెళ్ళి గుండిగలు ఈ సూత్రానికి లోబడవు. వాటికి వేరే అర ఇవ్వాలి.

గొడవలు వచ్చేది ఇక్కడే. నాన్నగారి పాత ట్రంకు పెట్టె, అత్తగారి కవ్వపు గుంజ, బాబాయి రేడియో వంటివి ఎవరు తీసివేయాలి? దీనికొక న్యాయం ఉన్నది. ఎవరి వస్తువుకు వారే తీర్పరి. కోడలు మామగారి పెట్టెను గాని, మామగారు మనుమరాలి రంగుల పెట్టెను గాని వారు ఊళ్ళో లేని సమయం చూసి తీసివేయరాదు. “మీకొక అర ఇస్తాం, దానిలో పట్టినన్ని ఉంచుకోండి” అంటే పెద్దవారు సంతోషంగా తామే ఏరుకుంటారు. చోటుకు హద్దు చెప్పవచ్చు గాని జ్ఞాపకాలకు ధర కట్టరాదు.

పారవేసే కుప్పలో మూడింటిని గురించి జాగ్రత్త అవసరం. పాత కారు బ్యాటరీలో సీసమూ ఆమ్లమూ ఉంటాయి. దానిని చెత్తకుప్పలో వేయక, కొత్త బ్యాటరీ కొన్న దుకాణంలోనే ఇచ్చివేయాలి. పాత టైర్లలో వాన నీరు నిలిస్తే డెంగీని మోసే దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. టైరును ఉంచుకోదలిస్తే నీడన, పొడిగా ఉంచండి. లేదా వదిలించుకోండి. ఇక భోగిమంట. పాత చెక్క వేయవచ్చు గాని టైర్లు, ప్లాస్టిక్కు, రంగు వేసిన బల్లలు వేస్తే ఆ విషపు పొగ పీల్చేది మంట చుట్టూ నిలబడిన మన పిల్లలే.

నేల, గోడ, అర

ఖాళీ అయిన షెడ్డును ఒకసారి తేరిపార చూడండి. నేల గేటు వైపుకు వాలుగా ఉన్నదా? లోపల కడిగిన నీరు దానంతట అదే బయటికి పోవాలి. 18 అడుగుల పొడవుకు రెండు అంగుళాల వాలు చాలు. నున్నని మెరుపు టైల్సు వేయవద్దు. తడిసిన టైరు జారుతుంది, తడిసిన కాలు అంతకంటే జారుతుంది. గరుకైన పార్కింగు టైల్సు గాని, మన తాండూరు బండలను గరుకువైపు పైకి వచ్చేటట్టు గాని పరిపించుకోవచ్చు. నేల మీద పడిన ఇంజను ఆయిలును నీటితో కడిగితే మరక వ్యాపిస్తుంది. రంపపు పొట్టు గాని పొడి ఇసుక గాని చల్లి, పీల్చుకొన్న తరువాత ఊడ్చి, అప్పుడు సబ్బు నీటితో రుద్దాలి.

గోడలకు తెల్ల రంగు వేస్తే ఒక్క దీపం రెండు దీపాల పని చేస్తుంది. కారు తలుపు తగిలే ఎత్తులో పాత సైకిలు టైరును కోసి, అడ్డంగా మేకులతో కొట్టించండి. తలుపుకు సొట్ట పడదు, గోడకు గీత పడదు. ముందు చక్రాలు ఆగవలసిన చోట నేలమీద నాలుగు అంగుళాల దిమ్మె కట్టించండి. అదీ వద్దంటే పైకప్పునుంచి ఒక తాడుకు రబ్బరు బంతి వేలాడదీయండి. కారు సరియైన చోటికి వచ్చినప్పుడు బంతి ముందు అద్దానికి తగలాలి. ఖర్చు లేని ఈ ఉపాయంతో కొత్తగా నేర్చినవారు కూడా రోజూ ఒకే చోట ఆపగలరు.

సామాను నేలమీద ఉండకూడదు. ఇది సర్దుడులో మొదటి సూత్రమూ, చివరి సూత్రమూ. మన ప్రాంతంలో చెదలకు చెక్క అరలు విందు భోజనం. కనుక ఇనుప కోణపు ర్యాకులు గాని, గోడలోకి దిగేసిన కడప బండల అరలు గాని మేలు. కడప బండకు చెద పట్టదు, తుప్పు పట్టదు, బరువుకు వంగదు. అర వెడల్పు 12 నుంచి 15 అంగుళాలు చాలు. అంతకు మించితే వెనుక పెట్టినది వెనుకే ఉండిపోతుంది. బరువైనవి కింద, తేలికవి పైన పెట్టండి. కారు ముందు భాగం ఎత్తు తక్కువ గనుక దాని మీద, గోడనుంచి గోడకు ఒక అటక వేయించుకొంటే ఏడాదికొకసారి దిగే సామాను అంతా అక్కడికి పోతుంది. నిచ్చెన, సైకిలు, నీళ్ళ పైపు, చీపుళ్ళు గోడ కొక్కేలకు వేలాడాలి.

అట్టపెట్టెలు వాడవద్దు. అవి చెదలకూ, బొద్దింకలకూ, ఎలుకలకూ కట్టించిన ఇళ్ళు. మూతలున్న రేకు డబ్బాలలో గాని, లోపలిది కనిపించే ప్లాస్టిక్కు డబ్బాలలో గాని సర్ది, ఏమున్నదో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. “చిల్లర మల్లర” అని మాత్రం రాయవద్దు. ఆ పేరున్న డబ్బాను మళ్ళీ ఎవరూ తెరవరు.

పనిముట్లకు ఒక చిన్న ముచ్చట. ఒక పలక మీద మేకులు కొట్టి సుత్తి, పానాలు, స్క్రూడ్రైవర్లు, పటకారు తగిలించి, ఒక్కొక్కదాని చుట్టూ రంగుతో దాని ఆకారాన్ని గీయండి. పక్కింటివారు పట్టుకుపోయిన సుత్తి తిరిగి రాలేదని ఆ ఖాళీ బొమ్మే రోజూ మీకు గుర్తు చేస్తుంది.

ఎలుకల విషయం తేలికగా తీసికోరాదు. కారు కింది తీగలను అవి కొరికితే బాగుచేయడానికి వేలు ఖర్చవుతాయి. బియ్యం బస్తాలు, పశువుల దాణా, కుక్క తిండి షెడ్డులో పెట్టవద్దు. కన్నాలను ఇనుప జల్లెడ పెట్టి సిమెంటుతో మూయించండి. వారాల తరబడి కదలని కారంటే ఎలుకలకు ప్రీతి. కనుక అప్పుడప్పుడైనా బయటికి తీస్తూ, బానెట్ ఎత్తి చూస్తూ ఉండాలి.

ఇంటికి ప్రమాదం ఎటునుంచి?

ఇంతవరకు చెప్పినది సౌకర్యం మాట. ఇక ప్రాణాల మాట.

మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబినుకు ఆక్సిజను కంటే అది రెండువందల రెట్లకు పైగా గట్టిగా అంటుకొంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. మగతలో మనిషి లేచి బయటికి పోలేడు. కారు స్టార్టు చేసిన వెంటనే బయటికి తీయండి. కరెంటు పోయినప్పుడు జనరేటరును కూడా షెడ్డులో పెట్టి నడపవద్దు.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది పైకి పోక నేలమీద పరుచుకొని, ఎక్కడో ఉన్న నిప్పురవ్వను వెతుక్కుంటూ పోతుంది. అందువల్ల షెడ్డుకు పైన కిటికీ ఉంటే చాలదు. గోడ అడుగున కూడా గాలి జాలీలు ఉండాలి. సీసాలలో పెట్రోలు నిలవ చేయవద్దు. గ్యాసు సిలిండరును అక్కడ దాచవద్దు. ఇన్వర్టరు బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు హైడ్రోజను వెలువడుతుంది గనుక దానిని గాలి ఆడే చోటనే ఉంచాలి. తలుపు దగ్గర, అనగా పారిపోయే దారి పక్కనే, ఒక అగ్నిమాపక సిలిండరు, ఒక బకెట్టు ఇసుక ఉండాలి. షెడ్డు చివర పెట్టుకొంటే మంట దాటి వెళ్ళి తెచ్చుకోవాలి!

పురుగుల మందు, స్నానాల గది కడిగే యాసిడ్, రంగులో కలిపే టర్పెంటైను తాళం వేసిన అరలో ఉండాలి. కూలెంటు సంగతి చాలామందికి తెలియదు. దానిలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. అయినా రుచికి తియ్యగా ఉంటుంది. పిల్లలూ పిల్లులూ తాగే ప్రమాదం అందులోనే ఉన్నది. ఇటువంటివాటిని ఎన్నడూ కూల్‌డ్రింకు సీసాలలో పోయవద్దు.

అన్నిటికంటె ముఖ్యమైనది పిల్లల సంగతి. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో, ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు మూసుకుపోయి, ఊపిరాడక మరణించారు. సెలవుల రోజుల్లో కారు పిల్లలకు ఆటల ఇల్లు. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి కొద్దిసేపట్లోనే ప్రాణాంతకమవుతుంది. కనుక కారు మన షెడ్డులో, మన గేటు లోపలే ఉన్నా తాళం వేసే ఉంచాలి. తాళం చెవి పిల్లలకు అందని ఎత్తులో తగిలించాలి. పిల్లవాడు కనిపించలేదంటే మొదట చూడవలసినవి నీళ్ళ తొట్టి, సంపు, కారు. మాటలర్థమయ్యే వయసు వచ్చిన పిల్లలకు లోపలినుంచి తలుపు తీయడమూ, హారను మోగించడమూ నేర్పండి.

కారు వెనక్కు తీసేముందు ఒకసారి చుట్టూ నడిచి చూడాలి. వెనుక నిలబడిన రెండేళ్ళ పిల్లవాడు అద్దాలలో కనబడడు. కెమెరా ఉన్నా సరే, ఇంటిలో పసిపిల్లలుంటే “బుజ్జిగాడు ఎక్కడున్నాడు?” అని కేకవేసి, “నా చంకలో ఉన్నాడు” అన్న జవాబు వినిన తరువాతనే గేరు వేయండి.

కొత్త అతిథి - కరెంటు బండి

ఇప్పుడు కరెంటు కార్లు, స్కూటర్లు షెడ్లలోకి వస్తున్నాయి. 30 యూనిట్లు పట్టే కారు బ్యాటరీని 3.3 కిలోవాట్ల చార్జరుతో నింపడానికి పది గంటలు పడుతుంది. అంటే రెండు ఎయిర్‌కండిషనర్లు రాత్రంతా ఆపకుండా నడిచినంత బరువు ఒక్క ప్లగ్గు మీద పడుతుంది. పాత ఇంటి సన్నని తీగలు దానికి తాళవు. మీటరు బోర్డునుంచి వేరే తీగ, వేరే ఎం.సి.బి., మంచి ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌.సి.సి.బి. వేయించుకోవాలి. ఇంటికి మంజూరైన లోడు సరిపోతుందో లేదో విద్యుత్ శాఖవారి వద్ద ముందే కనుక్కోండి. పొడిగింపు తీగ లాగి, కిటికీ గుండా ప్లగ్గు పెట్టడం అసలే వద్దు.

స్కూటరు బ్యాటరీని కంపెనీవారిచ్చిన చార్జరుతోనే చార్జి చేయాలి. ఎండలో నడిపి తెచ్చిన వెంటనే పెట్టకుండా చల్లారనివ్వాలి. పడకగదిలోనూ, మెట్ల కిందా, వీధి తలుపు పక్కనా చార్జింగు పెట్టకూడదు. అనుకోకుండా అంటుకొంటే ఇంటివారు బయటపడే దారే మూసుకుపోతుంది.

నీరు వచ్చే చోటు

అపార్టుమెంట్లలో సెల్లారు ఉన్నవారికి ఇంకొక మాట. 2020 అక్టోబరులో హైదరాబాదు వానలలోనూ, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదలోనూ ఎన్నో కార్లు ఉన్నచోటనే మునిగిపోయాయి. పల్లపు ప్రాంతాలలో సెల్లారు గోడకు కొట్టే స్విచ్చిబోర్డు ఛాతీ ఎత్తుకు పైన ఉండాలి. సర్టిఫికెట్లు, దస్తావేజులు, ఫోటోలు కింద దాచకూడదు. నీరు తోడే పంపు నడుస్తున్నదో లేదో వానలకు ముందే, జూన్ మొదటి వారంలోనే చూసుకోవాలి. మునిగి తేలిన కారును స్టార్టు చేయవద్దు. ఇంజనులో నీరుంటే ఒక్క తిప్పుతో పూర్తిగా పాడవుతుంది. బ్యాటరీ తీగ తీసివేసి, లాగించుకొని మెకానిక్కు దగ్గరికి పోవాలి.

నీరు దిగుతూ ఉండగా కారు కోసం సెల్లారులోకి మాత్రం దిగవద్దు. 2022 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని పోహాంగ్ నగరంలో తుఫాను వేళ కార్లు బయటికి తీయడానికి నేలకింది పార్కింగులోకి వెళ్ళినవారిలో ఏడుగురు ప్రాణాలు పోగొట్టుకొన్నారు. కారు పోతే ఇన్సూరెన్సు వస్తుంది, మనిషి పోతే రాడు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇదంతా చదివి “అమ్మో, ఎంత ఖర్చో!” అని గుండె మీద చెయ్యి వేసికోనక్కరలేదు. ఇందులో ముఖ్యమైనవాటికి ఖర్చే లేదు. కారుకు తాళం వేయడం, చుట్టూ చూసి వెనక్కు తీయడం, పెట్రోలు నిలవ చేయకపోవడం, విషపు సీసాలను ఎత్తున పెట్టడం, ఇవి ఈ సాయంత్రమే చేయవచ్చు. రెండోది ఒక ఆదివారం చాకిరీ. మూడోది గోడకు సున్నం, నాలుగు కొక్కేలు, ఒక ర్యాకు. నేల మార్పించడం, తీగలు వేయించడం వంటివి బోనసు వచ్చిన నెలలో చూసుకోవచ్చు.

ఒక్క విషయం మాత్రం మరువరాదు. ఖాళీ చేసిన షెడ్డును ఖాళీగా ఉంచడమే అన్నిటికన్న కష్టం. దానికి ఒక నియమం పెట్టుకోండి. ఏ కొత్త వస్తువైనా షెడ్డులోకి వెళ్ళాలంటే అక్కడినుంచి ఒక పాత వస్తువు బయటికి రావాలి. ఈ నియమాన్ని అమలు జరిపే అధికారం ఇంటిలో ఎవరికి ఇవ్వాలంటారా? పదేళ్ళ పిల్లకు ఇవ్వండి. నాన్నగారైనా సరే, తాతగారైనా సరే, లంచం పుచ్చుకోకుండా నిలదీసేది ఇంటిలో ఆమె ఒక్కతే!